చినతాత మాటకి నా అనువాదం

ఆ రోజుల్లో నన్నెవరైనా "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే "షిప్పింగ్‌లో ఉన్నారు" అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. మా నాన్న కలకత్తా రేవు దగ్గర గార్డెన్ రీచ్‌లో ఓడల మరమ్మతు పనిలో ఫిట్టరు. ఓడ దగ్గరే ఉంటాడు, చాలాసార్లు ఓడ కడుపులోనే ఉంటాడు. కాని 'షిప్పింగ్' అనగానే వినేవాళ్ల కళ్ల ముందు టై కట్టుకున్న పెద్దమనిషెవరో నిలబడేవాడు. ఆ టై విప్పే ప్రయత్నం నేనెప్పుడూ చెయ్యలేదు. "ఎక్కడుంటారు?" అంటే "బెహాలా" అనేదాన్ని. అదీ నిజమే, నాకు తొమ్మిదేళ్లు వచ్చాక. అంతకుముందు ఎక్కడుండేవాళ్లని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబిచ్చేంత అమాయకురాల్ని కాదు నేను. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఉండాల్సిన దానికన్నా తెలివి కాస్త ఎక్కువే ఉంటుంది (తర్వాత తర్వాత అదే సర్దుకుంటుంది).

అసలు సంగతి, నేను పుట్టింది డాకుల పక్కన, మేము 'లైన్లు' అని పిలుచుకునే వరస ఇళ్లలో. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ల కుటుంబాలు అక్కడ మూడు తరాలుగా కాపురాలు చేస్తున్నాయి. ఒక్కో లైనుకి ఇరవై గుమ్మాలు, చివర ఒక కుళాయి, కుళాయి పక్కన ఆడవాళ్లకి ఒక స్నానాల గది. మేము బెహాలాలో రెండు గదుల ఫ్లాటుకి మారాం గాని, మా నాన్నకి చిన్నాన్న, అంటే నాకు చినతాత, అక్కడే ఉండిపోయాడు. ముప్పై ఏళ్ల పైన ఓడల్లోంచి బస్తాలు దింపిన మనిషి. బరువెత్తేటప్పుడు పదిమంది ఊపూ కలవాలంటే ఒకడు పాట ఎత్తుకోవాలి కదా, ఆ ఒకడు మా చినతాత. అప్పటికప్పుడు అల్లేసేవాడట. మేస్త్రీ మీద, వాన మీద, నీళ్లలో చెప్పు జారవిడుచుకున్నవాడి మీద. పని లేని రోజుల్లో పెళ్లిళ్లలో పాడేవాడు. (మా అమ్మానాన్నల పెళ్లిలో పాడిన పాటలో నాన్న ముక్కు మీద ఒక చరణం ఉందట. ఆ చరణం మా ఇంట్లో ఇప్పటికీ నిషిద్ధం.)

నా మొదటి ఉద్యోగం దక్షిణ కలకత్తాలో ఒక చిన్న సాంస్కృతిక సంస్థలో. మొత్తం నలుగురం. మా పై అధికారిణిని నేను మనసులో 'పెద్దబొట్టు దీది' అనుకునేదాన్ని. ఆవిడ బొట్టు రూపాయి బిళ్లంత ఉండేది, కోపం వస్తే ఇంకా పెద్దదైనట్టు కనిపించేది. మంచి మనిషి. నిజంగా మంచి మనిషి. కాకపోతే ఏ విషయాన్నయినా ముందు కళ్లు మూసుకుని అనుభవించి తర్వాతే చూసేది. ఆవిడ ఆ ఏడాది పెద్ద కార్యక్రమం తలపెట్టింది. పేరు "ఆమి కే?", అంటే "నేనెవర్ని?" అని. ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద, ఈ నగరంలో బతికే రకరకాల మనుషులు ఆడాలి, పాడాలి, కవిత్వం చెప్పాలి, నవ్వించాలి. డార్జిలింగ్ కొండల అమ్మాయిల నాట్యం ఉంది, మెటియాబ్రుజ్‌లో మిషను కుట్టే ఒకాయన ఉర్దూ కవితలున్నాయి, సంతాలీ డోళ్లున్నాయి, టాంగ్రాలో పుట్టి పెరిగిన ఒక చైనా కుర్రాడి హాస్యం ఉంది. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడాలి, పక్కనొకరు నిలబడి బెంగాలీలో చెప్పాలి. తెలుగు తరఫున ఒక బ్యాంకు మేనేజరుగారి భార్య కూచిపూడి చెయ్యాల్సింది. పది రోజుల ముందు ఆవిడ కాలు మడతపడింది.

ఆ మర్నాడు పెద్దబొట్టు దీది కళ్లు మూసుకుని కూర్చుంది. నేను భయపడ్డాను. కళ్లు మూసుకుందంటే ఏదో వస్తోందన్నమాట.

"డాకుల్లో మీ తెలుగు కూలీలు ఉంటారు కదా," అంది. "వాళ్లలో కవి ఎవరైనా ఉంటే? నదిని చూసినవాడు, బరువు మోసినవాడు. అసలైన మనిషి. నీకా చుట్టుపక్కల తెలియదనుకో. అయినా ప్రయత్నిస్తావా?"

నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాను. "కష్టమే దీది. రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ చెయ్యాలి," అన్నాను.

ఆ ఫీల్డ్‌వర్క్ ఎలా జరిగిందో చెబుతాను. బస్సు దిగి లైను మలుపు తిరిగేసరికి చినమామ్మ (చినతాత భార్య) గుమ్మంలోంచి చూసి, "ఓలమ్మో, మన గుంటొచ్చీసినాది!" అని నాలుగు లైన్లకి వినపడేలా కేకేసింది. తర్వాత రెండు పూటలూ చేపల పులుసు. మధ్యలో నిద్ర. రెండో రోజు పొద్దున్న చినమామ్మ తువ్వాలు భుజాన వేసుకుని, "రాయే, సీర అట్టుకో," అంది. ఎందుకంటే స్నానాల గదికి తలుపు లేదు. మొన్న వేసవిలో కాల్‌బైశాఖి గాలివాన వచ్చినప్పుడు ఆ తలుపు ఊడి ఎగిరి కాలవలో పడిందట. అప్పట్నించి లోపలికి ఒకరు వెళ్తే బయట ఇంకొకరు పాత చీర అడ్డంగా పట్టుకు నిలబడాలి. ఒక కొస మేకుకి, ఇంకో కొస మనిషికి. గాలి వస్తే మోకాలితో కింద అంచు కూడా అదిమి పట్టాలి. నేను చీర పట్టుకు నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్దబొట్టు దీది.

"ఎక్కడున్నావ్?"

"ఫీల్డ్‌లో ఉన్నాను దీది."

"నీళ్ల చప్పుడు వినిపిస్తోంది."

"నది దీది. గంగ ఒడ్డునే ఉన్నాను."

అంతలో చీర వెనకనుంచి చినమామ్మ, "ఓలే, ఆ సబ్బిలాగియ్యే!" అని అరిచింది.

"ఆ గొంతెవరిది? ఎంత బలంగా ఉంది!"

"జానపద గాయని, దీది," అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు నవ్వొచ్చేది ఆ అబద్ధానికి కాదు. అంతసేపు చెయ్యి తిమ్మిరెక్కేలా ఆ చీర పట్టుకు నిలబడి కూడా, అక్కడొక తలుపు ఉండాలి కదా, లేకపోవడమేమిటి అన్న ఆలోచన నా బుర్రలోకి ఒక్కసారీ రాలేదు. నా బుర్రంతా అనువాదం నిండిపోయి ఉంది.

చినతాత ముందు ఒప్పుకోలేదు. "నాకేటి తెలుసే కవిత్వం, నాను బస్తాలు మోసినోన్ని," అన్నాడు. తర్వాత గడ్డం గోక్కుంటూ, "పెద్దోలొత్తారేటి?" అని అడిగాడు.

"వస్తారు తాతా. చాలామంది వస్తారు. మీ వార్డు వ్యవహారాలు చూసే పెద్దాయనే ముఖ్య అతిథి."

"ఆయనొత్తాడా? ముందు వరసలో కూకుంటాడా?"

"అవును, సరిగ్గా ఎదురుగా."

"అలగైతే వొత్తాను," అన్నాడు. కీర్తి కాంక్ష ఏ వయసులోనైనా ఉంటుంది పాపం, అనుకున్నాను నేను. (చెప్పాను కదా, తెలివి ఎక్కువని.)

ఆయన ఒక పడవ పాట పాడి వినిపించాడు. చక్కగా ఉంది. రాత్రికి రాత్రి వచ్చిన అల మీద, ఒడ్డున ఎదురుచూసే భార్య మీద. దాన్ని బెంగాలీలోకి రాసుకున్నాను. అంతా అయ్యాక, వెళ్లబోతూ, చెప్పులు వేసుకుంటూ, తల దించుకునే ఒక మాట అన్నాను. "తాతా, అక్కడ నన్ను గుంటా, మనవరాలా అని పిలవకు. అది ఆఫీసు. మేడం అను చాలు."

చినతాత నా వైపు చూశాడు. "ఏం, నాను నీ తాతని కానేటి?"

"కావని కాదు. అక్కడి పద్ధతి అది."

"సరే మేడంగోరూ," అన్నాడు. నవ్వలేదు. ఆ మాట నాకు బస్సులో బెహాలా దాకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా దిగగానే మర్చిపోయాను.

కార్యక్రమం రోజు సాయంత్రం ఆరింటికల్లా హాలు నిండిపోయింది. ఖాదీ కుర్తాలు, వెండి జుంకాలు, చేతుల్లో మట్టి కప్పుల్లో టీ. మూడో వరసలో మాత్రం ఒక తళతళలాడే గుంపు ఉంది. చినమామ్మ, ఆవిడతో లైన్ల నుంచి వచ్చిన అయిదుగురు ఆడవాళ్లు, అందరూ పెళ్లి చీరల్లో. నన్ను చూసి చినమామ్మ చెయ్యెత్తబోయి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసుకుంది. తాత చెప్పి ఉంటాడు. నేను ఇటు తిరిగిపోయి మైకు తీగ సరిచేశాను. దానికేమీ కాలేదు, బాగానే ఉంది.

కొండ అమ్మాయిలు ఆడారు. కుట్టుపని ఆయన కవితలకి జనం ఊగిపోయారు. తర్వాత మా పేరు పిలిచారు. చినతాత తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలుతో వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. పక్కన నేను, చేతిలో కాగితంతో. వేదిక పక్క తెర దగ్గర పెద్దబొట్టు దీది అప్పటికే కళ్లు మూసుకుంది.

చినతాత గొంతు సవరించుకుని నాకేసి తిరిగి, "మేడంగోరూ," అన్నాడు. "పాట తరవాత. ముందో మాట సెప్పాల."

నా చేతిలో కాగితం ఒక్కసారి బరువెక్కింది. ఇది మేం అనుకున్నది కాదు. కాని జనం చూస్తున్నారు. బెంగాలీలో చెప్పేశాను: "పాట కన్నా ముందు పుట్టేది మాట."

"ఆహా!" అన్నారెవరో వెనక నుంచి.

చినతాత ఎదురుగా కూర్చున్న ముఖ్య అతిథిని చూస్తూ, "మా లైన్లల్ల ఆడోల తానాల గదికి తలుపు నేదు," అన్నాడు.

నేను కాగితంలోకి చూశాను, అందులో తలుపు ఎక్కడా లేదు. పెద్దబొట్టు దీది కళ్లు తెరిచి, చెప్పు చెప్పు అని సైగ చేసింది. ఆ హాల్లో, అంతమంది ముందు, స్నానాల గదా? నా నాలుక నాకు తెలియకుండానే ఇలా అంది: "వలస వచ్చినవాడి గుండె ఒక ఇల్లు. దానికి తలుపు లేదు."

హాలంతా ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

"గాలివానకి ఎగిరిపోనాది. నాలుగు నెల్లయింది."

"ఒక గాలివాన నా తలుపుని ఎత్తుకుపోయింది. నాలుగు రుతువులు గడిచాయి." (నెలల్ని రుతువులుగా మార్చడానికి నాకు అర క్షణం కూడా పట్టలేదు. భయంలో మనిషికి ప్రతిభ పొంగుతుంది.)

"కాయితాలెట్టినాం. ఈ ఆఫీసోలు ఆ ఆఫీసుకెల్లమంతారు, ఆ ఆఫీసోలు ఈ ఆఫీసుకెల్లమంతారు."

"ఈ ఒడ్డునడిగితే ఆ ఒడ్డుకి పొమ్మంది. ఆ ఒడ్డునడిగితే ఈ ఒడ్డుకి పొమ్మంది."

చప్పట్లు. ముఖ్య అతిథి కూడా కొట్టాడు. తల ఊపుతూ మరీ కొట్టాడు.

చినతాత ఆ చప్పట్లకి కొంచెం కంగారుపడ్డాడు. నాకేసి అనుమానంగా చూశాడు. ఆయన ఆ ఊళ్లో నలభై ఏళ్ల నుంచి ఉన్నాడు, బెంగాలీ నాకన్నా బాగా వచ్చు, ఆ సంగతి నాకు చిన్నప్పట్నించీ తెలుసు. కాని ఆ నిమిషంలో నేను నిలబడి ఉన్నది ఆయన పక్కన కాదు, పెద్దబొట్టు దీది ఎదుట. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి చెవిటివాళ్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి: "ఆడోలు. సీర. అడ్డం. అట్టుకోని. తానాలు సేత్తన్నారు."

"మా ఆడవాళ్లు," అన్నాను, గొంతు వణుకుతోంది, జనం దాన్ని భావావేశం అనుకున్నారు, "చీర అంచులతో ఆకాశాన్ని మూస్తున్నారు."

ఎవరో ఈల వేశారు. పెద్దబొట్టు దీది కళ్లు తుడుచుకుంటోంది. మూడో వరసలో మాత్రం చినమామ్మా, తక్కిన అయిదుగురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు.

చినతాత మైకు వదిలి పూర్తిగా నా వైపు తిరిగాడు. "ఏటే గుంటా!" అన్నాడు. మేడంగోరు ఎగిరిపోయింది. "నానేటన్నాను, నువ్వేటంతన్నావు? తానాల గదన్నానా, ఆకాసం అన్నానా?"

మూడో వరస పెళ్లి చీరలు ఒక్కసారి ఫక్కున నవ్వాయి. మిగతా హాలంతా నా వైపు చూసింది, ఏమన్నాడు, ఏమన్నాడు అని. పెద్దబొట్టు దీది తెర పక్కనుంచి చేతులు రెండూ ఊపేస్తోంది, అనువదించు అని. నేను అనువదించాను. దేవుడా, అనువదించాను. "ఆయన అడుగుతున్నారు: మాట ఎవరిది? అర్థం ఎవరిది?"

ఆ చప్పట్లు ఆ సాయంత్రానికంతటికీ పెద్ద చప్పట్లు. ముందు రెండు వరసలు లేచి నిలబడ్డాయి.

చినతాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మైకు స్టాండు మీంచి ఊడదీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత చల్లగా, తీరికగా, బజారులో చేపల బేరమాడే చక్కటి బెంగాలీలో మొదలుపెట్టాడు. "దాదాలారా, దీదీలారా, కూర్చోండి. ఈ పిల్ల నా మనవరాలు. బంగారం లాంటి పిల్ల. కాని అబద్ధం చెబుతోంది. నేనన్నది ఇంతే. మా లైన్లో ఆడవాళ్ల బాత్రూముకి దొర్జా నేయ్." అంటే తలుపు లేదు. "అంతే, ఇంకేం లేదు."

లేచి నిలబడ్డవాళ్లు కూర్చోవాలో వద్దో తెలియక సగం వంగి ఆగిపోయారు. తెర పక్కన పెద్దబొట్టు దీది పెదాలు కదిలాయి. 'మనవరాలా?' అంటోందని ఇక్కడికే తెలుస్తోంది.

నాకు తప్పించుకునే దారి ఉంది. అది ఇవాళ్టికీ నాకు స్పష్టంగా గుర్తు. పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా మనవరాలా అంటారు, మా తెలుగువాళ్ల అలవాటది, అని ఒక్క మాట బెంగాలీలో అంటే సరిపోయేది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు చినమామ్మ కనిపించింది. ఆవిడకి కోపం లేదు. నన్ను చూసి 'పరవాలేదులే, ఏదో ఒకటి సెప్పీ' అన్నట్టు తలూపింది. నేను ఏం చెప్పబోతున్నానో ఆవిడకి ముందే తెలిసిపోయినట్టుంది. క్షమించి కూడా అయిపోయింది. అది చూశాక నాకు ఆ మాట మింగుడుపడలేదు, కక్కడమూ చేతకాలేదు.

చినతాత చేతిలోంచి మైకు తీసుకున్నాను. "మళ్లీ మొదట్నించి అనువదిస్తాను," అన్నాను. "ఈయన మా చినతాత. నేను పుట్టింది ఆ లైన్లోనే. ఆ స్నానాల గదికి తలుపు లేదు. గాలివానకి పోయింది. నాలుగు నెలలైంది, రుతువులు కాదు, నెలలే. ఆ ఆఫీసు, ఈ ఆఫీసు అన్నది నిజంగా ఆఫీసులే, నది ఒడ్డులు కావు. ఆకాశాన్ని ఎవరూ మూయడం లేదు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు పాత చీర అడ్డం పట్టుకుంటున్నారు. పోయిన వారం నేనూ పట్టుకున్నాను. అప్పుడు మా దీది ఫోన్ చేస్తే గంగ ఒడ్డున ఫీల్డ్‌వర్క్‌లో ఉన్నానని చెప్పాను. ఆవిడ విన్న జానపద గాయని ఇదిగో, మూడో వరసలో ఉంది. అప్పుడావిడ సబ్బు అడిగింది."

ముందు నవ్వింది మెటియాబ్రుజ్ కవిగారు. తర్వాత హాలంతా. అంత పెద్ద నవ్వు నా మీద నేనెప్పుడూ తెచ్చుకోలేదు, అంత హాయిగా ఎప్పుడూ ఉండలేదు. చినమామ్మ లేచి నిలబడి నాలుగు వైపులా దండం పెట్టింది, నిజంగానే పాట పాడి ముగించినట్టు.

ముఖ్య అతిథికి ఇక కూర్చునే వీల్లేకపోయింది. వేదిక మీదకి వచ్చి, నవ్వుతూ, చినతాత భుజం మీద చెయ్యేసి, "తప్పకుండా వారంలో తలుపు పెట్టిస్తాం," అన్నాడు.

"ఏ వారం దాదా?" అన్నాడు చినతాత.

"వచ్చే వారమే."

"వారానికి ఏడు రోజులుంటాయి కదా."

"సోమవారం!"

"కొంచెం మైకులో చెప్పండి. మా ఆడవాళ్లు వెనక ఉన్నారు."

ఆయన మైకులో చెప్పాడు. మూడో వరస చప్పట్లు కొట్టింది. అప్పుడు చినతాత, ఇచ్చిన మాట ప్రకారం, పడవ పాట ఎత్తుకున్నాడు. నేను అనువదించడానికి కాగితం తీస్తే పెద్దబొట్టు దీది వద్దని చెయ్యి చూపించింది. ఉత్త పాటే నడిచింది. మా తర్వాత రావాల్సిన టాంగ్రా కుర్రాడు వచ్చి, నిఖార్సయిన ఉత్తర కలకత్తా బెంగాలీలో, "హాస్యం నా వంతు అన్నారు. ముసలాయన నాకేం మిగిల్చాడు?" అని నిలదీశాడు.

వేదిక వెనక దీది నన్ను గోడవార నిలబెట్టింది. బొట్టు మామూలు సైజులోనే ఉంది గాని నాకు నమ్మకం కుదరలేదు.

"మీ తాతా?"

"మా నాన్నకి చిన్నాన్న, దీది."

"మరి మీ నాన్న షిప్పింగ్ అన్నావు?"

"షిప్పులోనే దీది. లోపల. ఫిట్టరు."

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. ఉద్యోగం పోయిందని ఖాయం చేసుకున్నాను. అమ్మకేం చెప్పాలో కూడా వాక్యం తయారు చేసుకుంటున్నాను. "నా మొహం చూసి చెప్పు," అంది చివరికి. "నిజం చెబితే నేను నిన్ను తక్కువగా చూస్తాననుకున్నావా?" మళ్లీ ఆవిడే, "ఏమో, చూసేదాన్నేమో," అంది, గొంతు తగ్గించి. "ఆకాశం మాటకి నేను ఏడ్చాను. తలుపు లేదంటే నాకు నోట మాట రాలేదు." అని వెళ్లిపోబోయి వెనక్కి తిరిగి, "ఆ రెండు రోజులూ సెలవు కింద రాయి. ఫీల్డ్‌వర్క్ అని రాశావో చూడు," అంది. ఆ సెలవు చీటీ రాసినంత సంతోషంగా నేను ఇంకే కాగితమూ రాయలేదు.

తలుపు సోమవారం రాలేదు, గురువారం వచ్చింది. ఆకుపచ్చ రంగు రేకు తలుపు, కొత్తది. బిగించినవాళ్లు గడియ బయటవైపు పెట్టి వెళ్లిపోయారు. చినతాత మళ్లీ వెళ్లి ఆ ఆఫీసులో నిలబడి, "లోపలున్నోల్లు గడేసుకోవాల గాని, బైటున్నోల్లు ఏసి ఎల్లిపోతే ఏటయిపోవాల?" అని అడిగాడట. ఇంకో రెండు రోజులకి గడియ లోపలికి వెళ్లింది. మొదటి స్నానం చినమామ్మది. అరగంట బయటికి రాలేదట. లైనంతా తలుపు కొట్టినా, "ఉండండే, నాలుగు నెల్ల తానం," అందట.

కార్యక్రమం జరిగిన ఆ సాయంత్రం హాలు నుంచి వాళ్లని లైన్ల దాకా దింపడానికి నేనే వెళ్లాను. ఏక్‌బాల్‌పూర్ మీదుగా వెళ్లే బస్సు. ముందు సీట్లో నేనూ చినతాతా, వెనక చినమామ్మ వాళ్లు. నేను క్షమాపణ చెప్పాలని మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఒలే గుంటా," అన్నాడు, "ఆ ఆకాసం మాట బాగున్నాదే. మొత్తం ఓపాలి సెప్పు. తెలుగులో సెప్పు."

నేను మొదలుపెట్టాను. రాలేదు. అది నాకు బెంగాలీలో పుట్టింది మరి, తెలుగులోకి రమ్మంటే మొరాయించింది. 'చీర అంచు' అంటే, "అంచేటే, కొంగు అను. కొంగైతే సుట్టుకుంతాది," అన్నాడు. 'ఒడ్డు' అంటే "గట్టు అను" అన్నాడు. ఇలా ఒక్కో మాటా ఆయన సరిచేస్తూ ఉంటే నేను మళ్లీ మళ్లీ మొదట్నించి చెప్పుకొచ్చాను. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి ఏ సవరణా రాలేదు. చూస్తే చినతాత నిద్రపోతున్నాడు, తల నా భుజం మీద వాలిపోయి. నా జన్మలో నేను అల్లిన కవిత అదొక్కటే. దాన్ని శ్రద్ధగా విన్న ఒక్క మనిషీ ముగింపుకి ముందే గురక పెట్టాడు.

"ఆపకే, నాను ఇంటన్నాను," అంది వెనక సీట్లోంచి చినమామ్మ. "గట్టిగా సెప్పు, బస్సు సప్పుడికి ఇనపడ్డం నేదు."

బస్సులో ఉండగా మా అమ్మ ఫోన్ చేస్తే తెలుగులో గుసగుసగా మాట్లాడి పెట్టేసేదాన్ని నేను, ఆ రోజుల్లో. ఆ సాయంత్రం అదే ఇరవై మూడేళ్ల పిల్ల బస్సంతా వినపడేలా, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా, కొంగుతో ఆకాశాన్ని కప్పే ఆడవాళ్ల గురించి కేకలు పెట్టి చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పుడొక్క ముక్క గుర్తులేదు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి వింటూ నిలబడ్డాడు, అతనికి తెలుగు రాదు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎంత పెద్ద గొంతే నీది, అనుకుంటాను, నవ్వొస్తుంది.